అవ్వ మాత్రల సంచి



ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్ళు పొద్దంతా మగ్గం గుంతలో కూర్చుంటారు. పెనుకొండ పల్లెల్లో చెనిక్కాయ చేన్లో వంగి కలుపు తీస్తారు. హిందూపురంలో చింతపండు కొట్టి గింజలు తీస్తారు. అరవై ఏళ్ళు వచ్చేసరికి నడుము పట్టేస్తుంది. మోకాళ్ళు లాగుతాయి. అంగడికి పోయి "ఒక నొప్పి మాత్ర ఇయ్యప్పా" అంటారు. ఇస్తాడు. నొప్పి తగ్గుతుంది. రేపు ఇంకొకటి.

ఆ మాత్ర చాలాసార్లు డైక్లోఫెనాక్, లేకుంటే బ్రూఫెన్.

ఒకప్పుడు గొడ్డు చస్తే రాబందులు వాలేవి. ఇప్పుడు కనపడవు. ఎందుకో తెలుసా? పశువుల నొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేసేవారు. ఆ పశువు చచ్చాక మాంసం తిన్న రాబందులకు కిడ్నీలు చెడిపోయాయి. గుంపులు గుంపులుగా చచ్చాయి. 2006లో ప్రభుత్వం పశువులకు ఆ మందు ఆపేసింది. మనిషి ఒళ్ళు రాబందు ఒళ్ళంత సున్నితం కాదు, నిజమే. కానీ కిడ్నీ జబ్బున్న ముసలివాళ్ళకు ఆ మాత్ర మంచిది కాదు.

కిడ్నీలు రక్తాన్ని వడగడతాయి. చెడును మూత్రంలో బయటికి పంపుతాయి. చాలా మందులు కూడా ఆ దారినే పోవాలి. కిడ్నీ బలం తగ్గితే మందు ఒంట్లోనే నిలిచిపోతుంది. పక్కింటాయనకు సరిపోయే మోతాదే అవ్వకు ఎక్కువవుతుంది. కొన్ని షుగరు మాత్రలు అట్లా నిలిచిపోతే షుగరు బాగా పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తాయి. స్పృహ కూడా తప్పవచ్చు.

నొప్పి మాత్ర చేసే చెడు వేరు. అది కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తుంది. పైగా బి.పి. మాత్ర, వాపు తగ్గించే నీళ్ళ మాత్ర వేసుకుంటుంటే ప్రమాదం పెరుగుతుంది. మొదట్లో కిడ్నీ నొప్పి పుట్టదు. అదే మోసం. షుగరు, బి.పి. ఉన్నవాళ్ళు క్రియాటినిన్ అనే రక్తపరీక్ష, మూత్రపరీక్ష చేయించుకుంటేనే తెలుస్తుంది.

మాత్రల అట్ట మీద పేరు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటుంది. మీరు నేర్చింది తెలుగు. అయినా పరవాలేదు. డాక్టరును అడిగి నోటుపుస్తకంలో తెలుగులో రాసుకోండి. మాత్ర పేరు, ఎందుకు, ఎప్పుడు, ఎన్ని. రంగును మాత్రం నమ్మొద్దు. కంపెనీ మారితే రంగు మారుతుంది. పాతదీ కొత్తదీ రెండూ మింగేవాళ్ళున్నారు!

అంగట్లో ముందే చెప్పండి: "అన్నా, మా అవ్వకు కిడ్నీ జబ్బుంది. ఈ మాత్ర ఇయ్యొచ్చా?" నొప్పికి కాపడం పెట్టొచ్చు. పారాసిటమాల్ అయితే డాక్టరు చెప్పినన్నే. పేరు తెలియని నాటు పొడులు వద్దు. కొన్నింట్లో సీసం, పాదరసం ఉంటాయి. అట్లని బి.పి. మాత్ర మీ అంతట మీరు మానేయొద్దు. బి.పి. పెరిగినా కిడ్నీ చెడుతుంది.

ఎండాకాలంలో వాంతులో, విరేచనాలో పట్టుకుంటే ఒంట్లో నీరు పోతుంది. ఆ రోజుల్లో కొన్ని మాత్రలు ఆపాల్సి వస్తుంది. ఏవి ఆపాలో డాక్టరే చెప్పాలి. ఆలస్యం చేయకుండా అవ్వను ఆసుపత్రికి తీసుకుపోండి. నోటుపుస్తకం, మాత్రల సంచి వెంట ఉండాలి.