ఫోటో తీయువారు ఎరుగదగిన అయిదు మాటలు
(బాన్సువాడలో గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఫోటో అనగా పెండ్లి వేడుకల జ్ఞాపకమని పూర్వము తలచెడివారము. నేడది గ్రామ పరిపాలనలో సాక్ష్యపత్రము. ఉపాధి హామీ పనులలో కూలీల హాజరును పనిస్థలముననే సెల్‌ఫోన్‌తో ఫోటో తీసి నమోదు చేయుట 2023 జనవరి 1 నుండి దాదాపు అన్ని పనులకును తప్పనిసరి చేయబడినది. ముఖములు నల్లబడినను, అలికినట్లు చెదరినను, ఎండలో చెమటోడ్చిన మనిషి కష్టమునకు రుజువు కొరవడును. కావున ఈ విద్యలోని మూలపదములను మీరెరుగుట అవసరము.

కెమెరాలోనికి చేరి చిత్రమును ఏర్పరచు వెలుతురు పరిమాణము 'ఎక్స్‌పోజర్'. అది ఎక్కువైన చిత్రము తెల్లబోవును, తక్కువైన నల్లబడును. మంజీరపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగర్ నీటిని ఎరిగిన మీకు ఈ లెక్క కొత్త కాదు. మడి తడియుటకు మూడు సంగతులు చూతుము: తూము ఎంత తెరచితిమి, ఎంతసేపు తెరచితిమి, ఆ నేలకు ఎంత నీరు చాలును. కెమెరా లెక్కయు అంతే.

తూము వెడల్పు వంటిది 'ఎపర్చర్'. ఇది లెన్సులోని రంధ్రము. దీని ఎఫ్ సంఖ్య చిన్నదైన కొలది రంధ్రము పెద్దది. ఎఫ్ 16 కంటె ఎఫ్ 2 వద్ద 64 రెట్లు వెలుతురు ప్రవేశించును. సెల్‌ఫోన్లలో చాలవరకు ఈ రంధ్రము మార్పులేనిది.

తూము తెరచియుంచిన కాలము వంటిది 'షట్టర్ వేగము'. సెకనులో 500వ వంతైనచో పార ఎత్తిన చేయి నిలిచినట్లు కనబడును. 15వ వంతైనచో చెదరిపోవును. వెలుతురు తక్కువైనపుడు ఫోను ఎక్కువసేపు తెరచుకొనును గనుక, మోచేతులు ఒంటికి ఆనించి రెండు చేతులతో పట్టవలెను.

నేల స్వభావము వంటిది 'ఐ.ఎస్.ఓ.'. దీనిని 100 నుండి 200కు పెంచినచో సగము వెలుతురే చాలును. మితిమీరినచో చిత్రముపై ఇసుక చల్లినట్లు చుక్కలు పడును.

అయిదవది 'ఫోకస్', అనగా కోరిన చోట స్పష్టత నిలుపుట. ఫోను తెరపై ముఖమును వ్రేలితో తాకినచో సాధారణముగా ఫోకసును, ఎక్స్‌పోజరును అచ్చటికి సరిపడును.

ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజుపలకలపై చిత్రములు తీసిన నాడును వెలుతురు లెక్క ఇదియే. పరికరము మారినది గాని సూత్రము మారలేదు.

ఇక ఆచరణ. సూర్యుడు ఫోటో తీయువాని వీపువైపు ఉండవలెను. రోడ్డు గాని, మురుగుకాలువ గాని వేయునపుడు పనికి ముందు, మధ్య, ముగిసిన పిదప ఒకే చోట నిలిచి తీయుడు. చెట్టో, బడి గోడయో ఒక స్థిరమైన గుర్తు మూడింటను పడవలెను. లోతు చూపుటకు కొలబద్ద నిలుపుడు. అన్నిటికంటె ముఖ్యము, కూలీలు ఇండ్లకు మరలక మునుపే చిత్రమును పెద్దది చేసి చూడుడు. సరిగా లేనిచో మరల తీయుటకు ఒక్క నిమిషము చాలును. వారు వెడలిన పిదప ఆ దినము తిరిగి రాదు.

ప్రతి పంచాయతీలో ఇద్దరు యువతీ యువకులకైనను ఈ అయిదు మాటలు నేర్పుడని నా మనవి.