రెండు డిస్కులున్నా కంప్యూటరు ఎందుకు లేవదు?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛనుదారుల సభలో ఈ డిస్కుల గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చు. మన కార్యాలయంలోని కంప్యూటరులో సభ్యుల పీపీవో నకళ్లు, సర్వీసు రిజిస్టరు పుటలు, నామినేషన్ కాగితాలు ఉన్నాయి. సభ్యుడు కాలం చేసిన తరువాత ఆయన భార్య కుటుంబ పింఛను కాగితాల కోసం మన గుమ్మం ఎక్కుతారు. ఆనాడు ఆ యంత్రం లేవకపోతే ఆ తల్లికి మనం ఏం జవాబు చెబుతాం? అందుకని ఈ విషయం ఎంచుకున్నాను.

ఆ కంప్యూటరులో డిస్కులు రెండు. ఒకదానిలో రాసినదంతా రెండోదానిలోనూ పడుతుంది, మనం కార్బన్ కాగితం పెట్టి టైపు కొట్టినట్టు. ఇది రెయిడ్ అనే ఏర్పాటులో ఒక రకం. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వారు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రంతో ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది. ఖరీదైన పెద్ద డిస్కు ఒక్కటి కొనే బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడుకోవచ్చని వారి వాదన. ప్రత్యేకమైన కార్డు ఏదీ లేకుండా లినక్సే ఈ పని చూసుకుంటే దాన్ని సాఫ్ట్‌వేర్ రెయిడ్ అంటారు. ఖర్చు తక్కువ కనుక మనవంటి సంఘాలకు అదే తగినది.

అయితే చిక్కు ఇక్కడే ఉంది. రెండు డిస్కులూ ఒక జత అన్న సంగతి లినక్సు మేలుకున్నాక గాని తెలియదు. మీట నొక్కిన తొలి క్షణాల్లో పని చేసేది మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్. దానికి ఈ జత సంగతి పట్టదు. ఏదో ఒక డిస్కు తెరిచి, లినక్సును నిద్ర లేపే చిన్న ప్రోగ్రాము కోసం చూస్తుంది. దాన్ని బూట్‌లోడర్ అంటారు, మన దానిలో ఉన్నది గ్రబ్. అది ఒక్క డిస్కు మీదే ఉండి, చెడిపోయింది ఆ డిస్కే అయితే? కాగితాలన్నీ రెండో డిస్కులో భద్రంగా ఉంటాయి, యంత్రం మాత్రం లేవదు. రికార్డు గది తాళంచెవి ఉన్న గుమాస్తా సెలవు మీద వెళ్లినట్టన్నమాట.

ఇంకొక సంగతి. నడుస్తున్న యంత్రం ఒక డిస్కు పోయినా ఆగదు. అది దాని గొప్ప, మోసమూ అదే. ఎవరికీ తెలియకుండా నెలల తరబడి ఒంటి డిస్కు మీద నడిచి, ఒకనాడు కరెంటు పోయి వచ్చాక మొరాయిస్తుంది. అప్పుడు అందరూ కరెంటు వాళ్లను తిడతారు! కనుక డిస్కు జారిపోగానే ఈ-మెయిల్ పంపే ఏర్పాటు తప్పక పెట్టించాలి. లినక్సులో ఎండీఆడ్మ్ అనే ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. జత సరిగా ఉంటే స్థితి చూపే పుటలో యూ అక్షరం రెండుసార్లు కనబడుతుంది. ఒక యూ పక్కన గీత ఉంటే ఒక డిస్కు లేనట్టే.

పాత రకం బయోస్ యంత్రాల్లో డిస్కు మొదటి 512 బైట్లలో 446 బైట్లు బూట్‌లోడర్‌వి. విభాగాలుగా చేసి జతపరిచినప్పుడు ఆ చోటు జత బయటే ఉండిపోతుంది. కనుక గ్రబ్‌ను రెండు డిస్కుల మీదా విడివిడిగా ఎక్కించాలి. కొత్త యూఈఎఫ్ఐ యంత్రాల్లో దీనికి ఈఎస్‌పీ అనే చిన్న విభాగం ఉంటుంది. రెండో డిస్కులోనూ అటువంటిది చేసి, అందులోకి నకలు తీసి, ఫర్మ్‌వేర్ జాబితాలో రెండో డిస్కు పేరు కూడా రాయించాలి. గ్రబ్ మారినప్పుడల్లా నకలు మళ్లీ తీయాలి. ఆ విభాగాన్ని కూడా జతలో చేర్చేవారున్నారు. ఫర్మ్‌వేర్ లినక్సుకు తెలియకుండా ఒక సగంలో రాస్తే తేడా వస్తుంది కనుక, నా మట్టుకు విడిగా ఉంచడమే మేలు.

అంతా చేశాక కూడా ఒకచోట ఆగిపోవచ్చు. లేచేటప్పుడు పోయిన డిస్కులోని ఈఎస్‌పీ కోసం లినక్సు కాచుకుని కూర్చుని, చివరకు అత్యవసర స్థితిలోకి పోతుంది. ఎఫ్‌స్టాబ్ అనే ఫైలులో ఆ వరుసకు నోఫెయిల్ అనే మాట చేరిస్తే, లేకపోయినా సాగిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా జారిపోయేది డిస్కు మార్చిన రోజున. కొత్త డిస్కు పెడతారు, జతలో చేరుస్తారు, నకలు పూర్తి కాగానే బిల్లు ఇచ్చి వెళతారు. కొత్తదాని మీద బూట్‌లోడర్ ఎక్కించరు. రెండేళ్లకో మూడేళ్లకో పాత డిస్కు పోతుంది, అప్పుడు బయటపడుతుంది. ఒక మెకానిక్కును ఈ మాట అడిగితే “రెయిడ్ ఉంది కదా సార్” అన్నాడు. “ఉంటే ఒక డిస్కు తీసి లేపి చూపించు బాబూ” అన్నాను. ఆ పూట అతనికి వేరే పని తగిలింది.

పరీక్ష అదొక్కటే. ముందు అన్నిటికీ వేరే నకలు తీసుకోవాలి. యంత్రం ఆపి, మొదటి డిస్కు తీగ ఊడదీసి, లేస్తుందేమో చూడాలి. తిరిగి పెట్టి జతలో చేర్చి, నకలు పూర్తయ్యేదాకా రెండోదాన్ని ముట్టకూడదు. ఆ తరువాత రెండోదాన్ని తీసి చూడాలి. ఆ వేరే నకలు పరీక్ష రోజుకే కాదు, ఎప్పుడూ ఉండాలి. పొరపాటున చెరిపిన ఫైలు రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరుగుతుంది గదా.

వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం కార్యాలయంలో ఈ పరీక్ష అందరి ఎదుటా చేయిద్దామని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. పీపీవో నకలు ఇంకా ఇవ్వనివారు ఆ రోజే తెచ్చి ఇవ్వవచ్చు. సెలవు.