టోక్యో నగరమా, సెలవు

టోక్యోలో రెండేండ్లుండి, ఇటీవలనే వీడ్కోలు చెప్పి వచ్చితిని. ఆ నగరములో ఇల్లు వెదకుట ఒక తపస్సు. పెక్కు వీథులకు పేరులే లేవు. పాతపేటలలో ఇండ్లకు సంఖ్యలు వరుసను బట్టిగాక, స్థలము నమోదైన క్రమమును బట్టి పడినవి. 3వ యింటి ప్రక్కనే 17వ యిల్లుండవచ్చును. మూలనున్న పోలీసు గదిలో అడుగుటయే గతి.

ఇంతకన్న కష్టము వారి నోట ‘కాదు’ అను మాట వినుట. ఏదైన కోరినచో శ్వాస లోనికి పీల్చి, ‘చొత్తో...’ అని ఊరకుందురు. ‘కొంచెము’ అని దాని అర్థము, వీలుపడదని భావము. ఇది తెలియని పరదేశి వారములతరబడి కాచుకొనును!

అయినను ఉదయము ఆరున్నరకు రేడియోలో పియానో మ్రోగగానే, ఉద్యానవనములో వృద్ధులు బారులుతీరి చేతులెత్తి వ్యాయామము చేయు దృశ్యమును నేను మరువజాలను. 1928లో ఆరంభమైన ఆ ప్రసారము, యుద్ధానంతరము కొన్నేండ్లు ఆగి, 1951లో క్రొత్త రూపమున మరల మొదలైనది. నేటికిని సాగుచున్నది. శ్రోతలను ఇంటినుండి బయటికి రప్పించి, ఒక్కసారిగా చేతులెత్తించు కార్యక్రమమును చూచి ఏ రేడియో ఉద్యోగి అసూయపడడు? నేనును వారి వెనుక వరుసలో నిలిచెడివాడను.

చివరినాడు ఆ వరుసలోని ఒక వృద్ధురాలు, ‘మరల ఎప్పుడు వత్తురు?’ అని అడిగినది. శ్వాస లోనికి పీల్చి, ‘చొత్తో...’ అంటిని. ఆమె నవ్వి, నడుము వంచి నమస్కరించినది.