పాత కారు – క్లచ్చు సంరక్షణ

కలకత్తా చేరువనున్న ఉత్తరపారా కర్మాగారమున 2014లో అంబాసిడరు కార్ల తయారీ నిలిచిపోయినది. అయినను తండ్రిగారు కొన్న బండిని ఆప్యాయముగా నడుపుకొనుచున్న కుటుంబములు మన నగరములలో నేటికిని కలవు. అమీర్‌పేట, పంజగుట్ట వంటి కూడళ్ల రద్దీలో ఆ బండ్లకు ముందుగా శ్రమ తగులునది క్లచ్చునకే. దానిని గురించి నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఇంజను వెనుక ఫ్లైవీలు తిరుగుచుండును. ఇరువైపుల రాపిడి పట్టీలు గల పళ్లెమొకటి స్ప్రింగుల బలముచే దానికి అదిమిపట్టబడి యుండును. పెడలు తొక్కినచో ఆ పట్టు విడును. పాదము తీసినచో మరల బిగియును. పూర్తిగా విడినప్పుడును, పూర్తిగా బిగిసినప్పుడును పళ్లెము అరగదు. సగము పట్టి సగము జారునప్పుడే వేడెక్కి అరుగును. కావున ఆ జారుడు సమయమును తగ్గించుటయే మనము చేయదగిన పని.

ఎర్రదీపము కడ గేరును న్యూట్రలునకు తెచ్చి పాదము తీసివేయవలెను. ఆనాటి బ్రిటిషు నమూనా బండ్లు పెక్కింటిలో పెడలు తొక్కినప్పుడు ఒత్తిడి నోర్చునది బాల్ బేరింగు కాదు, కర్బనపు కంకణము. తొక్కి నిలిచినంతసేపు అది అరుగుచునే యుండును.

ముందు బండిని అంగుళమంగుళము వెంబడింపరాదు. ఒక కారు పొడవు ఎడమిచ్చి, ఆ ఎడము ఏర్పడిన పిదప ఒక్కసారిగా కదలుట మేలు. పాత అంబాసిడర్లలో మొదటి గేరునకు సింక్రోమెష్ లేదు. కరకరమను చప్పుడునకు వెరచి కొందరు రెండవ గేరులోనే బయలుదేరుదురు. ఆ భారమంతయు క్లచ్చుపై పడును. బండి పూర్తిగా ఆగిన పిదప మొదటి గేరు వేసినచో చప్పుడు రాదు. ఎత్తున నిలుపవలసివచ్చినచో క్లచ్చుపై గాక చేతిబ్రేకుపై నిలుపవలెను. నడచునప్పుడు పాదమును పెడలుపై ఆనించి యుంచరాదు.

పెడలును చేతితో నొక్కి చూచినచో బరువు తగులుటకు ముందు కొంత వదులు ఉండవలెను. పళ్లెము అరిగినకొలది ఆ వదులు తగ్గును. అది బొత్తిగా లేనిచో క్లచ్చు పూర్తిగా బిగియక జారుచునే యుండును. వాహనముతో వచ్చిన పుస్తకములోని కొలత ప్రకారము సరిచేయించవలెను. ఇంజను వేగము హెచ్చినను బండి వేగము హెచ్చకున్నను, మాడు వాసన వచ్చినను ఆలస్యము తగదు.

మరియొక ముఖ్య విషయము. పాత పళ్లెములలో రాతినార ఉండెడిది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన వ్యాధులు తెచ్చును. పళ్లెము మార్చునప్పుడు ఆ ధూళిని గాలితో ఊదరాదు; తడిగుడ్డతో తుడువవలెను. ఈ మాట మెకానికునకు, ముఖ్యముగా అతని చేతిక్రింది కుర్రవానికి, తప్పక చెప్పుడు. పళ్లెము మార్చవలెనన్న గేరుబాక్సునో ఇంజనునో దింపక తప్పదు. పై జాగ్రత్తలు పాటించినచో ఆ ఖర్చు చాలకాలము వాయిదాపడును.