ఒప్పందంలో మన పేరుంది, మన పని జరుగుతోందా?

కిందటి ఎపిసోడ్‌లో ఎగుమతి లైసెన్స్ గురించి చెప్పుకున్నాం. ఈరోజు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాల్లో మనలాంటి చిన్న, మధ్యతరహా సంస్థల గురించి ఏం రాస్తున్నారో చూద్దాం.

2022 మే 1 నుంచి మనకూ యూఏఈకీ మధ్య సెపా అమల్లోకి వచ్చింది కదా. అందులో ఎస్‌ఎంఈల కోసం ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. వినడానికి బాగుంది. తెరిచి చదివితే మాత్రం సహకరించుకుందాం, సమాచారం వెబ్‌సైట్లో పెడదాం, ఒక ఉపసంఘం వేద్దాం, ఇంతే. చివర్లో ఇంకో మాట ఉంటుంది. ఈ అధ్యాయం మీద వివాద పరిష్కారానికి వెళ్లకూడదు అని. అంటే అవతలి దేశం ఇవేవీ చేయకపోయినా ఒప్పందం కింద కేసు పెట్టడానికి లేదు. ఇది మన ఒక్కరి సంగతే కాదండోయ్. 11 దేశాలతో మొదలైన సీపీటీపీపీలో 24వ అధ్యాయం కూడా ఇదే మాట చెబుతుంది.

మరి అసలు లాభం ఎక్కడుంది? సుంకంలో ఉంది. యూఏఈలో మామూలుగా 5 శాతం కస్టమ్స్ సుంకం. మన బట్టలకీ నగలకీ చాలావరకు అది సున్నా అయింది. ఇక్కడ ఒక లెక్క చూడండి. పోచంపల్లి నుంచి ఒకాయన 2 లక్షల సరుకు దుబాయ్ పంపాడనుకుందాం. మిగిలేది 10 వేలు. పెద్ద కంపెనీ 2 కోట్ల సరుకు పంపితే 10 లక్షలు. కానీ ఆరిజిన్ సర్టిఫికెట్ కోసం చేసే పని ఇద్దరికీ ఇంచుమించు ఒకటే. నూలు ఎక్కడిది, రంగు ఎక్కడిది, బిల్లులేవి, ఖర్చు లెక్కేది... ఇవన్నీ చూపించాలి. పెద్దవాళ్లకి దానికో మనిషి ఉంటాడు. మనవాడికి మగ్గం దగ్గర కూర్చునేదీ తనే, కాగితాలు రాసేదీ తనే. ఏజెంటుకి ఫీజు కట్టి, రెండు రోజులు తిరిగాక ఆ 10 వేలల్లో ఎంత మిగులుతుందో మీరే చెప్పండి. పైగా సుంకం కట్టేది అక్కడి కొనుగోలుదారు. ఆ మిగులు ముందు ఆయన జేబులోకే వెళ్తుంది. ధర మాట్లాడేటప్పుడు అడగకపోతే మనకి రాదు.

అందుకే నేనైతే ఎస్‌ఎంఈ అధ్యాయం కంటే కస్టమ్స్ అధ్యాయం ముందు చదవమంటాను. అమెరికా, మెక్సికో, కెనడా ఒప్పందం చూడండి. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అందులో కూడా 25వ అధ్యాయం ఎస్‌ఎంఈలదే, అదీ ఇలాంటిదే. కానీ కస్టమ్స్ భాగంలో చిన్న పార్సిళ్లకు 117 డాలర్ల దాకా మెక్సికో సుంకం వేయకూడదని, కెనడా అయితే 150 కెనడా డాలర్ల దాకా వేయకూడదని అంకెతో సహా రాశారు. "చిన్న సంస్థ" అన్న మాటే అక్కడ లేదు, ఉపయోగం మాత్రం వాళ్లకే ఎక్కువ. జపాన్, యూరోపియన్ యూనియన్ ఒప్పందంలోనైతే సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి వెళ్లక్కర్లేదు, ఎగుమతిదారు ఇన్‌వాయిస్ మీదే ఆరిజిన్ ప్రకటన రాసుకోవచ్చు.

మీరు యూఏఈకి పంపే ఆలోచనలో ఉంటే ముందు మీ సరుకు హెచ్‌ఎస్ కోడ్ తెలుసుకోండి. తర్వాత ఆ కోడ్‌కి ఆరిజిన్ నియమం ఏముందో చూడండి. నూలు, రంగు కొన్న బిల్లులు ఈరోజు నుంచే ఒక ఫైల్లో పెట్టుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆన్‌లైన్‌లో ఆ సర్టిఫికెట్‌కి ఎలా అప్లై చేయాలో చూపిస్తాను. ఉంటానండీ.