ఉద్యోగం వచ్చిన ఊళ్ళో ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బాగా చదవాలి, కష్టపడాలి అని నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా చెప్పారు. అదే మళ్ళీ చెప్పి మీ భోజనం ఆలస్యం చేయను. నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. నాకు తెలిసిందల్లా కూడిక, తీసివేత. అందుకని చదువు ముగిసి ఉద్యోగపు ఉత్తర్వు చేతికి వచ్చిన వారంలో మీ ప్రతి ఇంట్లోనూ జరగబోయే ఒక చర్చ గురించి, లెక్క వేసి చెబుతాను. ఉద్యోగం శ్రీపెరుంబుదూరులోనో, చెన్నైలోనో, బెంగళూరులోనో వచ్చింది. మరి ఉండటం ఎక్కడ? ఇదీ ఆ చర్చ.

మన పళ్ళికొండకు ఒక సౌకర్యం ఉంది, అదే మనకు చిక్కు కూడా. టోల్‌గేటు దగ్గర నిలబడితే ఒకవైపు చెన్నై సుమారు 160 కిలోమీటర్లు, ఇంకోవైపు బెంగళూరు సుమారు 190 కిలోమీటర్లు. రాత్రీ పగలూ బస్సులు పోతూనే ఉంటాయి. రైలు కావాలంటే గుడియాత్తం స్టేషను ఉంది, కాట్పాడి జంక్షను ఉంది. జోలార్‌పేటలో తెల్లవారుజామున బయలుదేరి చెన్నై చేర్చి, రాత్రికి తిరిగి తెచ్చే ఏలగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది. మారుమూల పల్లె అయితే "ఇక్కడి నుంచి పోయి రావడం కుదరదు, అక్కడే ఉండాలి" అని ఒక్క మాటతో తేలిపోయేది. మనకు అలా తేలదు. "బస్సు వాకిట్లోనే దొరుకుతుంది కదా, ఇంటి నుంచే పోయి రారాదా?" అని తల్లి అంటుంది. అద్దె మిగులుతుంది కదా అని తండ్రి అంటాడు. ఆ రెండు మాటల్లోనూ ప్రేమ ఉంది. కాని లెక్క ఉందా అని చూద్దాం.

మన అమ్మాయికి గాని, అబ్బాయికి గాని శ్రీపెరుంబుదూరు వైపు ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందనుకోండి. దూరం సుమారు 115 కిలోమీటర్లు. స్టాపులో ఎదురుచూడటం, దారిలో ఆగడం అన్నీ కలిపి ఒకవైపు రెండున్నర గంటలు అనుకుందాం. రానూ పోనూ ఐదు గంటలు. నెలకు 26 పనిదినాలకు 130 గంటలు. ఎనిమిది గంటల షిఫ్టులుగా మారిస్తే 16 షిఫ్టులకు పైగా. అంటే నెలలో 26 రోజులు జీతానికి పనిచేసి, ఇంకో 16 రోజులు జీతం లేకుండా బస్సులో కూర్చుని పనిచేసినట్టు.

ఇప్పుడు డబ్బు సంగతి. జీతం 20,000 రూపాయలు అనుకుందాం. పనిచోటుకు దగ్గర్లో ముగ్గురు కలిసి గది తీసుకుంటే అద్దె, భోజనం కలిపి ఒక్కొక్కరికి 7,500 అనుకుందాం. ఇంట్లోనే ఉంటే తిండికి 2,000, దారి ఖర్చుకు 2,000, మొత్తం 4,000. తేడా 3,500. గది నుంచి పనికి అరగంట నడకో, షేర్ ఆటోనో పట్టినా రోజుకు గంట, నెలకు 26 గంటలు. 130లో 26 తీసేస్తే మిగిలేది 104 గంటలు. ఆ 3,500ను 104తో భాగించండి. గంటకు సుమారు 34 రూపాయలు. అదే బిడ్డకు కంపెనీ ఇచ్చే జీతం గంటకు ఎంత? 20,000ను 208 గంటలతో భాగిస్తే 96 రూపాయలు. కంపెనీ 96 రూపాయలు పెట్టి కొనే గంటను మనం ఇంట్లో కూర్చుని 34 రూపాయలకు అమ్ముతున్నాం. అదీ పనిగంట కాదు, నిద్రగంట. కంపెనీ బస్సు ఉచితమే అంటారా? అప్పుడు తేడా 5,500 అవుతుంది, గంటకు 53 రూపాయలు. అప్పటికీ 96 కాలేదు. మీ ఇంటి అంకెలు వేరుగా ఉంటాయి. ఆ అంకెలు పెట్టి మీరే వేసి చూసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

ఇది నేను ఊరికే చెప్పే మాట కాదు. కౌంటరులో కూర్చున్న రోజుల్లో జీతం ఖాతా తెరవడానికి ఉత్సాహంగా వచ్చిన పిల్లలను ఎందరినో చూశాను. ఆరు నెలలు తిరక్కుండానే కొందరి ఖాతాలో జీతం పడటం ఆగిపోయేది. ఏం నాయనా అని అడిగితే "పని కష్టం కాదు సార్, పోయి రావడమే కష్టం" అనేవారు. వాళ్ళు వదులుకున్నది ఉద్యోగాన్ని, కాని వాళ్ళను ఓడించింది దారి. జర్మనీ కుటుంబాల మీద ఏళ్ళ తరబడి జరిగిన సర్వేను పరిశీలించి, అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే అనే ఆర్థికవేత్తలు 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. ఎక్కువ దూరం పోయి వచ్చేవారికి జీవితంలో తృప్తి తక్కువగా ఉందనీ, మంచి జీతమో చవక ఇల్లో ఆ లోటును పూర్తిగా పూడ్చడం లేదనీ వాళ్ళు తేల్చారు. అక్కడి రైళ్ళలో కూర్చోవడానికి చోటైనా దొరుకుతుంది. మన సంగతి మీకు తెలుసు.

మనకు పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. కోలారు బంగారు గనులు. మన పాత ఉత్తర ఆర్కాడు జిల్లా నుంచి, చిత్తూరు వైపు నుంచి తెలుగు, తమిళ కుటుంబాలు ఎన్నో తరాల క్రితం అక్కడికి పనికి పోయాయి. గనుల పక్కనే లైన్లు అని పిలిచే వరస ఇళ్ళు. పనిచోటు నడిచిపోయేంత దూరం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. పని పోయింది, ఇల్లు మిగిలింది. అప్పటి నుంచి వేలమంది మారికుప్పం వైపు నుంచి తెల్లవారకముందే రైలెక్కి, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో పనిచేసి, చీకటిపడ్డాక ఇల్లు చేరుతున్నారు. వాళ్ళను తెలివితక్కువవాళ్ళు అనకూడదు. నలభై ఏళ్ళ వయసులో, బడికి పోయే పిల్లలతో, ముసలి తల్లిదండ్రులతో, చేతిలో అడ్వాన్సు లేకుండా ఎవరైనా ఇల్లు వదలగలరా? నేను మీకు చెప్పేది వేరు. ఇరవై రెండేళ్ళ వయసులో మీ సామానంతా ఒక సూట్‌కేసు. ఇల్లు మారడానికి ఇంత తక్కువ ఖర్చయ్యే వయసు మళ్ళీ రాదు.

అలాగని అందరూ ఊరు వదలాలని నేను అనను. వేలూరులో ఆసుపత్రిలోనో, కాలేజీలోనో, ఆంబూరు చెప్పుల ఫ్యాక్టరీలోనో ఉద్యోగమైతే ఇంటి నుంచి పోయి రండి. అమ్మ చేతి అన్నం తినండి. ఇంట్లో మంచం పట్టినవాళ్ళు ఉంటే వాళ్ళ అవసరం ముందు చూడాలి, అది లెక్కకు మించిన సంగతి. నేను చెప్పే కొలత ఇది. గడప నుంచి గడపకు ఒక గంటలోపు అయితే ఇంట్లోనే ఉండండి. గంట నుంచి గంటన్నర అయితే మూడు నెలలు పోయి వచ్చి చూడండి. గంటన్నర దాటితే అక్కడే ఉండండి.

ఇక అక్కడికి పోయాక గది ఎక్కడ? ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా చూసేది బంధువుల ఇల్లు. "చిన్నాన్న అంబత్తూరులో ఉన్నాడు, ఆయన ఇంట్లో ఉండొచ్చులే" అంటారు. ఉద్యోగం ఓ.ఎం.ఆర్. రోడ్డులో. చెన్నైకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. మొదటి వారం చిన్నాన్న ఇంట్లో ఉండండి, పిన్నికి పళ్ళు పట్టుకుపోండి, తర్వాత ఆఫీసు దగ్గర గది చూసుకోండి. కొందరు ఊరికి రావడానికి వీలని బస్టాండు పక్కనో, రైల్వేస్టేషను పక్కనో చూసుకుంటారు. నెలలో ఆఫీసు దారిలో నడిచేది 52 సార్లు, ఊరికి వచ్చేది మహా అయితే నాలుగు సార్లు. 52 సార్లకు వీలుగా ఉన్నదే ఇల్లు.

రెండూ కలిసివచ్చే చోటు దొరికితే మరీ మంచిది. బెంగళూరు సంగతే చూడండి. మన కాట్పాడి రైళ్ళు పోయే దారిలోనే వైట్‌ఫీల్డు, కృష్ణరాజపురం స్టేషన్లు ఉన్నాయి. 2023 మార్చిలో వైట్‌ఫీల్డు మెట్రో మొదలైంది, ఆ ఏడాది అక్టోబరులో నగరం లోపలి లైనుతో కలిసింది. ఆ లైను మీద ఆఫీసు ఉన్నవాళ్ళు ఆ లైను మీదే గది చూసుకుంటే రోజూ ట్రాఫిక్కులో నిలబడే పని తప్పుతుంది, ఊరికి రైలూ దగ్గరే. భాషకు భయపడకండి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం నేర్చిన మీకు బెంగళూరు కొత్తగా అనిపించదు.

గది కుదుర్చుకునే ముందు నాలుగు పనులు చేయండి.

ఒకటి, ఆదివారం మధ్యాహ్నం పోయి చూసి అడ్వాన్సు ఇవ్వకండి. సోమవారం ఉదయం ఆఫీసు వేళకు ఆ గది నుంచి ఆఫీసుకు, సాయంత్రం ఆఫీసు నుంచి గదికి ఒకసారి వచ్చి చూడండి. బ్రోకరు చెప్పే "పదే నిమిషాలు" ఆదివారం నిమిషాలు.

రెండు, మొదటి మూడు నెలలు హాస్టలులోనో, పీజీలోనో ఉండండి. ఉద్యోగం నిలిచేదీ లేనిదీ, షిఫ్టు ఏదో తెలిశాకే అద్దె ఇల్లు. ఇక మొదటి ఉద్యోగం చూసుకుని స్థలమో, ఫ్లాటో కొనకండి. ఇంటి అప్పు 20 ఏళ్ళు, ఉద్యోగం అంతకాలం ఒకేచోట ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు.

మూడు, కాగితం. తమిళనాడులో 2017లో చేసిన కొత్త అద్దె చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమలులో ఉంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. వేరేగా ఒప్పుకుంటే తప్ప అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అడిగే అలవాటు చాలాకాలంగా ఉంది, అడిగినంతా ఒప్పుకోకుండా బేరం చేయండి. అడ్వాన్సు, అద్దె బ్యాంకు ద్వారానే ఇవ్వండి. పాస్‌బుక్కులో పడిన వరస కోర్టులో కూడా సాక్ష్యం చెబుతుంది. రసీదులు దాచండి. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవారికి ఇంటి అద్దె భత్యం మీద మినహాయింపుకు అవి పనికివస్తాయి, కొత్త పద్ధతిలో ఆ మినహాయింపు లేదు.

నాలుగు, రాత్రి ఆఖరి బస్సు దిగే చోటు నుంచి గది దాకా నడిచి చూడండి. వీధిదీపం ఉందా, అంగడి తెరిచి ఉందా, కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుంది? అబ్బాయిలైనా చూసుకోవాల్సిందే, అమ్మాయిలైతే తప్పనిసరి.

చివరగా ఆడపిల్లల తల్లిదండ్రులతో ఒక మాట. ఈ రోజు వేతనం తీసుకున్నవారిలో అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో మీరే చూశారు. వీళ్ళలో కొందరికి రేపు ఉద్యోగం వచ్చినప్పుడు "రోజూ ఇంటికి వచ్చేటట్లయితేనే పో" అని మీరు అంటారు. మీ భయం నాకు అర్థమవుతుంది. కాని భయాన్ని కూడా లెక్క వేయాలి. నాలుగు గంటలకు చీకట్లో హైవే పక్కన నిలబడి బస్సెక్కి, రాత్రి పదింటికి అదే హైవే పక్కన దిగే బిడ్డ ఎక్కువ క్షేమమా? పనిచోటుకు దగ్గర్లో, గేటు ఉన్న హాస్టలులో, తోటి అమ్మాయిలతో ఉన్న బిడ్డ ఎక్కువ క్షేమమా? 2024 ఆగస్టు 17న శ్రీపెరుంబుదూరు దగ్గర వల్లం వడగాళ్‌లో 18,720 మంది మహిళా కార్మికులు ఉండగలిగే వసతి గృహాలను ప్రారంభించారు. ఉద్యోగినుల కోసం తమిళనాడు ప్రభుత్వం తోళి పేరుతో నడిపే హాస్టళ్ళు ఉన్నాయి. పోయి కళ్ళారా చూడండి. వార్డెనుతో మాట్లాడండి, అక్కడ భోంచేయండి, నచ్చకపోతే ఇంకోటి చూడండి. అన్నీ చూశాక వద్దంటే అది నిర్ణయం. చూడకుండానే వద్దంటే, ఆమె పదహారేళ్ళు చదివిన చదువుకు మనం గేటు దగ్గరే తాళం వేసినట్టు.

పిల్లలారా, మీకూ ఒక బాధ్యత ఉంది. మీరు దూరంగా ఉన్నందుకు మిగిలిన ఆ 104 గంటలను సెల్‌ఫోనులో పోగొడితే ఈ లెక్కంతా తప్పిపోతుంది. అందులో కొంత నిద్రకు, కొంత పై చదువుకు, రోజుకు పది నిమిషాలు అమ్మానాన్నలతో మాట్లాడటానికి పెట్టండి. ఈ ఊరి నుంచి తర్వాత వచ్చే పిల్లవాడికి వారంరోజులు మీ గదిలో చోటివ్వండి. మనవాళ్ళు కొత్త ఊళ్ళలో నిలదొక్కుకున్నది అలాగే.

ఉద్యోగపు ఉత్తర్వు వచ్చిన రోజున ఇంట్లో అందరూ కూర్చుని, ఒక కాగితం మీద రెండు గడులు గీయండి. ఒక గడిలో రూపాయలు, ఇంకో గడిలో గంటలు. రెండూ నింపాకే ఇల్లు ఎక్కడో తేల్చండి.