దాదా ఇచ్చిన గది



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నుంచి వచ్చిన పెద్దలకు, దాతలకు, తల్లులకు, సోదరీమణులకు సలాం. తాతామనవళ్ల అనుబంధం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. తీయని విషయమే. కానీ అందులో మనం సాధారణంగా ఎత్తని చేదు ముక్క ఒకటుంది. అది చెప్పకుండా ఈ వేదిక దిగలేను.

ముందు తీపి సంగతి. దైవప్రవక్త (సఅసం) సజ్దాలో ఉండగా మనవడు వీపు మీదికి ఎక్కితే, బిడ్డ ముచ్చట తీరేదాకా ఆయన తల ఎత్తలేదు. మింబర్ మీద ప్రసంగిస్తుండగా హసన్, హుసైన్ (రజి) ఎర్ర చొక్కాలు వేసుకుని తడబడుతూ వస్తే, ఖుత్బా ఆపి, దిగివచ్చి ఇద్దరినీ ఎత్తుకున్నారు. కూతురి కూతురు ఉమామాను ఎత్తుకునే నమాజు చదివించారు. సజ్దాకు వెళ్లేటప్పుడు దింపేవారు, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. మసీదులో పిల్లల్ని కసురుకునే పెద్దలకు ఇది గుర్తుచేస్తున్నాను. ఆ పెద్దల్లో నేనూ ఒకణ్ణి.

ఆయన కూడా తాత చేతుల్లో పెరిగిన బిడ్డే. పుట్టకముందే తండ్రి పోయారు, ఆరో ఏట తల్లి పోయారు. తాత అబ్దుల్ ముత్తలిబ్ కోసం కాబా నీడలో పరుపు పరిచేవారు. కన్నకొడుకులు కూడా దాని మీద కూర్చునేవారు కాదు. ఈ పిల్లవాడు మాత్రం నేరుగా వెళ్లి దానిమీద కూర్చునేవాడు. పెదనాన్నలు, బాబాయిలు పక్కకు లాగబోతే తాత వారించి, తన పక్కనే కూర్చోబెట్టుకుని వీపు నిమిరేవారు. ఇక్కడిదాకా అందరం చెప్పుకుంటాం. తర్వాతిది చూడండి. మనవడికి ఎనిమిదేళ్లప్పుడు తాతకు చివరి ఘడియలు వచ్చాయి. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని ఆయన ఊరుకోలేదు. బిడ్డ తండ్రికి ఒక తల్లి కడుపున పుట్టిన అబూ తాలిబ్‌ను పిలిచి, పిల్లవాణ్ణి ఆయన చేతిలో పెట్టారు.

మా దాదా ఆ పని చేయలేకపోయాడు.

ఆయన మిర్యాలగూడలో హమాలీ. సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చి రైస్ మిల్లులు లేస్తున్న రోజులవి. మా అబ్బా లారీ డ్రైవర్, విజయవాడ రోడ్డు మీద ప్రమాదంలో పోయాడు. నాకప్పుడు నాలుగేళ్లు. దాదా మిల్లు నుంచి వస్తే ఒళ్లంతా తవుడు. స్నానం చేయకముందే మీద పడేవాణ్ణి. ఒళ్లంతా దురద, అయినా వదిలేవాణ్ణి కాదు. సైకిల్ ముందు కడ్డీకి పాత తువ్వాలు చుట్టి నన్ను బడికి తీసుకెళ్లేవాడు. మాది రెండు గదుల పెంకుటిల్లు. వెనక గది చూపించి, ‘ఏ కమ్రా తేరా హై బేటా’ అనేవాడు. నేను నమ్మాను. ఆయన కూడా నమ్మాడు.

ఆయన పోయాక తెలిసింది, ఆ మాట చెల్లదని. మా చాచా చెడ్డవాడు కాదు. ఆయనకూ నలుగురు పిల్లలు. అమ్మ నన్ను తీసుకుని కోదాడలో నానీ ఇంటికి వచ్చేసింది.

తండ్రి బతికుండగా కొడుకు చనిపోతే, ఇంకో కొడుకు ఉన్నచోట, పోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వారసత్వ వాటా రాదు. 1937 షరీఅత్ చట్టం కింద మన కోర్టులూ ఇదే పాటిస్తాయి. ఈజిప్టు 1946లో, పాకిస్తాన్ 1961లో ఇలాంటి మనవల కోసం చట్టాలు చేశాయి. మన దగ్గర ఆ పని తాతే చేయాలి, చేసే దారీ ఉంది. వారసుడు కానివారికి ఆస్తిలో మూడో వంతు దాకా వసియ్యత్ రాయవచ్చు. వాటా రాని మనవడికి అది చెల్లేది అందుకే. లేదా బతికుండగానే హిబా ఇవ్వవచ్చు. ఇస్తున్నానని చెప్పాలి, అవతలివారు స్వీకరించాలి, స్వాధీనం అప్పగించాలి. మా దాదా మొదటిది మాత్రమే చేశాడు. వాటా లేని బంధువులు, అనాథలు పంపకం వేళ వస్తే వారికీ కొంత ఇచ్చి మంచిగా మాట్లాడమని అన్నిసా సూరా 8వ ఆయతు చెబుతోంది. ఆ రోజు మా ఇంట్లో ఆ ఆయతు ఎవరికీ గుర్తు రాలేదు.

దాతలకు ఇంకో మాట. మన హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సొంత మనవడికి జకాత్ ఇవ్వకూడదు. కలిగిన తాతకు పేద మనవణ్ణి పోషించడం బాధ్యత, అది దానం లెక్కలోకి రాదు. అందుకే అనాథ పిల్లల దరఖాస్తు వచ్చినప్పుడు తాత ఉన్నాడా, ఆయన స్థితి ఏమిటి అని అడగండి. సిగ్గుపడకండి. లేనివాడైతే మన సాయం ఆ ఇంటికే వెళ్లాలి. నెలనెలా వచ్చే పింఛనులో ఇద్దరు మనవలను సాకే నానీలు మన మూడు ఊళ్లలోనూ ఉన్నారు. పిల్లల ఫీజు కట్టి ఫోటో తీసుకున్నాం సరే, ఆమె బీపీ మాత్రలకూ కొంత పక్కన పెట్టండి.

మొన్న నేను కాగితం రాస్తుంటే నా కూతురి కూతురు వచ్చి, ‘నానా, హోంవర్కా?’ అంది. అవునన్నాను. ఆ కాగితం నకలు తెచ్చాను. కావలసినవారు భోజనాల తర్వాత నా దగ్గరికి రండి. పేర్లు, సర్వే నంబర్లు మార్చుకుని, ఒకసారి వకీలుకు చూపిస్తే సరిపోతుంది.